రికార్డు రూము పెరిగింది, గుమాస్తా ఒక్కడే
(కంప్యూటరు డిస్కుల చరిత్రలో మనకు తెలిసిన ఒక పాఠం)

ప్రభుత్వ కార్యాలయాల్లో గాని, బ్యాంకుల్లో గాని, బోర్డుల్లో గాని పనిచేసిన వారెవ్వరికీ రికార్డు రూము అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గుడ్డలో మూటగట్టిన ఫైళ్ళ కట్టలు, అట్టల మీద చేతిరాత నంబర్లు, చెదల మందు వాసన, ఒక మూలన చెక్క నిచ్చెన. 1980లలో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో రెండు చిన్న ఆఫీసుల పాత ఫైళ్ళన్నీ తెచ్చి మా రికార్డు రూములో కలిపారు. స్థలం చాలదని పెద్ద పెద్ద ఇనుప ర్యాకులు తెప్పించారు. అందరం సంతోషించాం. ర్యాకులు మూడింతలయ్యాయి గాని రికార్డు కీపరు మాత్రం ఒక్కడే. అంతకు ముందు అరగంటలో చేతికి వచ్చే ఫైలు ఆ తరువాత రెండు రోజులకు గాని దొరికేది కాదు. చనిపోయిన ఒక సహోద్యోగి భార్య ఫ్యామిలీ పెన్షను కోసం, ఆయన సర్వీసు రిజిస్టరు దొరికే దాకా, ఆ వేసవిలో నాలుగుసార్లు మా ఆఫీసు మెట్లెక్కింది. ఫైలు పోలేదు. స్థలమూ చాలింది. వెతికే మనిషి చాలలేదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, అదే చిక్కు కంప్యూటరు ప్రపంచంలో మరింత పెద్ద ఎత్తున వచ్చింది. అక్కడివారు దానితో 70 ఏళ్ళుగా కుస్తీ పడుతూనే ఉన్నారు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ పద్ధతి ప్రారంభమైన తరువాత మనలో అనేకులు వేలిముద్ర వేసి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ వేలిముద్ర, ఆ ఖాతా నంబరు, ఆ పెన్షను ఆర్డరు ఎక్కడో ఒక గదిలో తిరిగే డిస్కుల మీద ఉంటాయి. ఆ గది నిండినప్పుడు ఏమి చేస్తారు? పెద్ద డిస్కులు తెచ్చి పెడతారు. వినడానికి ఇంత తేలికైన పని వెనక ఎంత ఆలోచన ఉన్నదో మన పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం.

ఒక టన్ను బరువు, 50 పళ్ళేలు

డిస్కు కథ 1956లో మొదలవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోసే నగరంలో ఐబీఎం కంపెనీ ప్రయోగశాల ఉండేది. అక్కడ రేనాల్డ్ జాన్సన్ నాయకత్వంలో ఇంజనీర్లు 'రామాక్' అనే యంత్రాన్ని తయారుచేశారు. అంతకు ముందు లెక్కలన్నీ చిల్లుల కార్డుల మీద, అయస్కాంతపు టేపుల మీద ఉండేవి. టేపు మీద మధ్యలో ఉన్న ఒక ఖాతా కావాలంటే మొదటి నుంచి చుట్టుకుంటూ పోవాలి. రామాక్‌లో ఆ అవస్థ లేదు. 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50, ఒకదానిపై ఒకటిగా, నిమిషానికి 1,200 చుట్లు తిరుగుతుండేవి. ఒక లోహపు చేయి లిఫ్టులాగా పైకీ కిందికీ పోయి, కావలసిన పళ్ళెం దగ్గర ఆగి, లోపలికి జరిగి, ఆ ఖాతాను చదివేది. డిస్కు పెట్టె ఒక్కటే టన్నుకు పైగా బరువు. మొత్తం యంత్రానికి అద్దె నెలకు 3,200 డాలర్లు. ఇంతా చేసి అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఈనాటి లెక్కలో 3.75 మెగాబైట్లు. సెల్‌ఫోనుతో తీసే ఒక ఫోటోకు సరిపోతుందో లేదో!

ఆ చేయి గురించి పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. పళ్ళేలు 50, చేయి ఒక్కటి. మన రికార్డు రూములో నిచ్చెనెక్కే గుమాస్తా అదే. ఒక ఖాతా వెతకడానికి దానికి పట్టే సగటు కాలం సెకనులో 10వ వంతులు ఆరు. 1956లో అది అద్భుతం.

తరువాత పళ్ళేలు చిన్నవయ్యాయి, రాత సన్నబడింది. 1980లో షుగార్ట్ టెక్నాలజీ (తరువాతి పేరు సీగేట్) అరచేతిలో పట్టుకోదగిన 5 మెగాబైట్ల డిస్కును తెచ్చింది. 2007లో హిటాచీ కంపెనీ ఒక టెరాబైటు డిస్కును అమ్మకానికి పెట్టింది. టెరాబైటు అంటే లక్ష కోట్ల అక్షరాలు. 2013లో డిస్కు పెట్టె లోపల గాలికి బదులు తేలికైన హీలియం వాయువు నింపి 6 టెరాబైట్ల డిస్కు తయారుచేశారు. 2024లో సీగేట్ 30 టెరాబైట్లు దాటిన డిస్కులను ప్రకటించింది. రాసే చోటును లేజరుతో క్షణకాలం వేడి చేసి, అతి సన్నగా రాసే పద్ధతి అది.

ఇప్పుడు లెక్క చూద్దాం. రామాక్‌తో పోలిస్తే 24 టెరాబైట్ల డిస్కులో 64 లక్షల రెట్లు ఎక్కువ పడుతుంది. మరి వేగం? అప్పుడు నిమిషానికి 1,200 చుట్లు, పెద్ద డిస్కులకు ఇప్పటికీ 7,200 చుట్లే. అంటే 6 రెట్లు. వెతికే చేయి సుమారు 50 రెట్లు చురుకైంది. గది 64 లక్షల రెట్లు పెరిగితే గుమాస్తా 50 రెట్లు మాత్రమే చురుకయ్యాడన్న మాట! ఇక మీదట చెప్పబోయేదంతా ఈ రెండు అంకెల మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడానికి మనుషులు పడిన పాట్లే.

ఒక పెద్దదా, నూరు చిన్నవా?

1987 చివరలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక ప్రశ్న వేశారు. ఆనాటి పెద్ద కంప్యూటర్లకు ఐబీఎం వారి 3380 డిస్కు వాడేవారు. 14 అంగుళాల పళ్ళేలు, 7,500 మెగాబైట్లు, చాలా ఖరీదు. అదే రోజుల్లో చిన్న కంప్యూటర్ల కోసం కానర్ కంపెనీ 100 మెగాబైట్ల మూడున్నర అంగుళాల డిస్కు అమ్మేది. ఒక పెద్ద డిస్కుకు బదులు ఇలాంటి చిన్నవి నూరు పక్కపక్కన పెడితే ఏమవుతుంది? స్థలం తగ్గదు సరిగదా పెరుగుతుంది. పైగా నూరుమంది గుమాస్తాలు ఒకేసారి వెతుకుతారు.

చిక్కల్లా ఒక్కటే. నూరు డిస్కులున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడిపోతూనే ఉంటుంది. దీనికి వారు చెప్పిన విరుగుడు మన ఆడిట్ వారికి బాగా తెలిసినదే. నాలుగు కాలాల అంకెలూ, పక్కన మొత్తమూ రాసి ఉంచితే, ఒక కాలం చెరిగిపోయినా మొత్తంలోంచి మిగతావి తీసేసి ఆ అంకె రాబట్టవచ్చు గదా! అలాగే ఒక డిస్కులో 'మొత్తం' వంటిది ఉంచితే, చెడిన డిస్కులోని సమాచారాన్ని తిరిగి కట్టవచ్చు. 1988లో అచ్చయిన ఈ పద్ధతికి రెయిడ్ అని పేరు. బ్యాంకుల్లో, టెలిఫోను ఆఫీసుల్లో, రిజర్వేషను కౌంటర్ల వెనక దశాబ్దాల పాటు ఈ పద్ధతే పనిచేసింది.

అయితే రెయిడ్‌లో ఒక పట్టింపు ఉంది. కలిసి పనిచేసే డిస్కులన్నీ సమానంగా ఉండాలి. చిన్న డిస్కుల వరసలో ఒకటి చెడిపోయి, దాని స్థానంలో రెట్టింపు పెద్దది పెట్టినా, పాతదానంత భాగమే పనికి వస్తుంది. మిగతా సగం ఖాళీగా పడి ఉంటుంది. ఎడ్లబండికి ఒక పక్క పెద్ద చక్రం బిగించినట్లు! డిస్కులు ఏటేటా పెద్దవవుతున్న కాలంలో ఈ పట్టింపు చాలా ఖరీదైనదిగా మారింది. సరిపోయే పాత డిస్కులు బజారులో దొరకవు. కొత్తవి దొరికినా పూర్తిగా పనికిరావు.

మూడు ప్రతులు, మూడు చోట్ల

2003లో గూగుల్ కంపెనీ ఇంజనీర్లు సంజయ్ ఘేమావత్, హోవార్డ్ గోబియాఫ్, షున్‌టాక్ లియుంగ్ తమ ఫైళ్ళ వ్యవస్థను గురించి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. వారు ఖరీదైన యంత్రాలు కొనలేదు. సాధారణ కంప్యూటర్లను వందల సంఖ్యలో కలిపారు. ప్రతి ఫైలునూ 64 మెగాబైట్ల ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు మూడు ప్రతులు తీసి, వేరు వేరు కంప్యూటర్లలో ఉంచారు. ఏ ముక్క ఎక్కడుందో రాసి ఉంచే పెద్ద రిజిస్టరు ఒక కంప్యూటరు చేతిలో ఉండేది.

వారు చేసిన ఒక పరీక్ష చెప్పుకోదగినది. పనిచేస్తున్న కంప్యూటర్లలో ఒకదాన్ని కావాలనే ఆపేశారు. దానిలో సుమారు 15,000 ముక్కలు, 600 గిగాబైట్ల సమాచారం ఉన్నది. దాని ప్రతులు ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి గనుక, అందరూ తలా కాస్త కొత్త ప్రతులు తీశారు. 23 నిమిషాల్లో అన్ని ముక్కలకూ లెక్క సరిపోయింది. ఒకే డిస్కులోకి తిరిగి రాయాలంటే గంటలు పట్టేది. ఊరంతా కలిసి ఒక ఇల్లు కప్పినట్లన్న మాట.

ఆ వ్యాసంలోనే మన విషయానికి సంబంధించిన మరొక జాగ్రత్త ఉంది. కొత్త కంప్యూటరు చేరినప్పుడు అందులో స్థలమంతా ఖాళీగా ఉంటుంది. ఖాళీ ఉన్నది గదా అని వచ్చిన ప్రతి కొత్త కాగితాన్నీ దాని మీదే వేస్తే అది ఊపిరాడక నిలిచిపోతుంది. అందుకని దాన్ని నెమ్మదిగా నింపుతారు. కొత్తగా చేరిన కుర్రవాడు చురుకైనవాడని సెక్షనులోని పనంతా అతని బల్ల మీద పెట్టిన రోజులు మనం చూడలేదా? ఆ తప్పు చేయకూడదని కంప్యూటరుకు ముందే చెప్పి ఉంచారు.

రిజిస్టరు లేని రికార్డు రూము

రిజిస్టరు ఒకరి చేతిలో ఉంటే అందరూ ఆ ఒక్కరినే అడగాలి. అసలు రిజిస్టరే లేకుండా, లెక్క కట్టి చోటు తెలుసుకోలేమా అనేది తరువాతి ప్రశ్న. దీనికి పునాది 1997లో పడింది. డేవిడ్ కార్గర్, డానియల్ లెవిన్ తదితరులు ఒక గణిత పద్ధతి ప్రకటించారు. కొత్త యంత్రం చేరినప్పుడు దాని వాటాకు వచ్చే సరుకు మాత్రమే కదలాలి, మిగతాది ఉన్న చోటనే ఉండాలి అనేది దాని సారాంశం. ఉమ్మడి కుటుంబంలో ఒక కొత్త వాటాదారు వస్తే అందరి పొలాలూ తిరిగి కొలవకుండా, తలా కాస్త కోసి అతనికి ఇచ్చినట్లు.

2006లో శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సేజ్ వైల్ అనే విద్యార్థి, తన గురువులతో, సహచరులతో కలిసి 'సెఫ్' అనే వ్యవస్థను ప్రకటించాడు. అందులో చోటు నిర్ణయించే లెక్క పేరు 'క్రష్'. దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఫైళ్ళన్నింటినీ కొన్ని వేల కట్టలుగా కడతారు. ఒక కట్ట ఏ డిస్కుకు పోవాలో తేల్చడానికి డిస్కులన్నీ చీట్లు తీసినట్లు గడ్డిపరకలు లాగుతాయి. ఎవరి పరక పొడుగైతే కట్ట వారిది. పెద్ద డిస్కుకు పొడుగు పరక వచ్చే అవకాశం ఎక్కువ ఉండేట్లు దానికి ఒక తూకం ఇస్తారు. సాధారణంగా టెరాబైటుకు ఒకటి చొప్పున తూకం. 4 టెరాబైట్ల డిస్కుకు 4, 24 టెరాబైట్లదానికి 24. ఈ పరకలు నిజంగా అదృష్టం మీద ఆధారపడినవి కావు. కట్ట నంబరు, డిస్కు నంబరు కలిపి చేసే లెక్క అది. ఏ కంప్యూటరు ఎక్కడ కూర్చుని చేసినా అదే జవాబు వస్తుంది. అందుకే రిజిస్టరు అక్కరలేదు.

మొదట్లో ఈ పరకల లెక్కలో ఒక లోపం ఉండేది. ఒక డిస్కు తూకం మారిస్తే, దానితో సంబంధం లేని ఇతర డిస్కుల పరకల పొడవు కూడా మారి, అనవసరంగా కట్టలు అటూ ఇటూ తిరిగేవి. 2015లో ఈ లోపాన్ని సవరించారు. అప్పటి నుంచి తూకం మారిన డిస్కుకు మాత్రమే కట్టలు వచ్చి చేరడమో, దాని నుంచి పోవడమో జరుగుతుంది. రెయిడ్ కాలంలో అసాధ్యమైనది ఇప్పుడు సాధ్యమయింది. చిన్న డిస్కులు, పెద్ద డిస్కులు ఒకే సముదాయంలో పక్కపక్కన ఉండవచ్చు. ఎవరి శక్తి కొద్దీ వారు మోస్తారు.

అసలు చిక్కు ఇక్కడే

'ఎవరి శక్తి కొద్దీ' అన్నాను గాని, శక్తి అంటే ఏమిటి? స్థలమా, వేగమా? తూకం ఇచ్చినది స్థలాన్ని బట్టి. గుమాస్తా వేగాన్ని బట్టి కాదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 4 టెరాబైట్ల డిస్కులు 10 ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి సెకనుకు 100 ఫైళ్ళు తీసి ఇవ్వగలదు. మొత్తం 1,000. స్థలం చాలక 24 టెరాబైట్లవి మరో 10 చేర్చారు. స్థలం 40 నుంచి 280 టెరాబైట్లయింది, అంటే 7 రెట్లు. కొత్త డిస్కుల వేగం కూడా సెకనుకు 100 ఫైళ్ళే. 20 డిస్కులు గనుక 2,000 ఫైళ్ళు రావాలని మనం అనుకుంటాం. కాని ఫైళ్ళలో 7వ వంతు మాత్రమే పాత డిస్కుల్లో ఉంటాయి, మిగతా 6 వంతులూ కొత్తవాటిలో. అడిగేవారు అన్ని ఫైళ్ళనూ సమానంగా అడిగితే, కొత్త 10 డిస్కుల శక్తి అయిపోయే సరికి మొత్తం 1,166 ఫైళ్ళే బయటికి వస్తాయి. పాత డిస్కులు అప్పటికి తమ శక్తిలో 6వ వంతు మాత్రమే వాడుతూ తీరికగా కూర్చుని ఉంటాయి. స్థలం 7 రెట్లు పెరిగినా పని పెరిగింది కొద్దిగానే. పాతవి పూర్తిగా తీసేసి పెద్దవే ఉంచితే స్థలం 6 రెట్లు, పని ఎప్పటిలాగా 1,000. చెరువు కట్ట ఎత్తు పెంచి తూము పాతదే ఉంచితే చివరి మడికి నీరు త్వరగా అందుతుందా?

రెండవ చిక్కు ప్రతులది. మూడు ప్రతులూ మూడు వేరు వేరు సర్వర్లలో ఉండాలని నియమం. ఒక సర్వరు ఆగినా సమాచారం పోకూడదు గదా. నాలుగు సర్వర్లున్నాయి, ఒక్కొక్కటి 40 టెరాబైట్లు. ఒక సర్వరులోని డిస్కులన్నీ మార్చి దాన్ని 120 చేశారు. మొత్తం 240, మూడు ప్రతులు గనుక 80 టెరాబైట్ల సమాచారం పడుతుందని కాగితం మీద లెక్క. నిజానికి పట్టేది 60. ఎందుకంటే పెద్ద సర్వరు ప్రతి ఫైలుకూ ఒక్క ప్రతి మాత్రమే ఉంచుకోగలదు. మిగిలిన రెండు ప్రతులూ ఆ మూడు చిన్న సర్వర్లలోనే సర్దాలి. అవి నిండగానే ఆట ముగిసింది. పెద్దదానిలో సగం ఖాళీగానే ఉండిపోతుంది. అందుచేత పెద్ద డిస్కులు ఎన్ని కొన్నా అన్ని సర్వర్లకూ సమానంగా పంచి పెట్టాలి. ఒకే సర్వరును పెంచితే డబ్బు దండగ.

మూడవది ప్రమాదం. 24 టెరాబైట్ల డిస్కును మొదటి నుంచి చివరిదాకా, సెకనుకు 250 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాసినా 26 గంటలు దాటుతుంది. పెద్ద డిస్కు చెడితే చాలా సమాచారానికి ఒక ప్రతి ఒకేసారి పోతుంది. వందల డిస్కులున్న చోట అందరూ తలా కాస్త పంచుకుని త్వరగా తిరిగి రాస్తారు. మూడు నాలుగు సర్వర్లున్న చిన్న చోట ఆ భారం కొద్దిమంది మీదే పడుతుంది. ఆ గంటలలోనే రెండవ డిస్కు కూడా చెడితే? దాని తరువాత మూడవది చెడితే? సమాచారం పోయేది అలాంటి ఘడియల్లోనే.

నాలుగవది కిక్కిరిసిపోవడం. సెఫ్‌లో మామూలుగా ఏ డిస్కయినా 85 శాతం నిండితే హెచ్చరిక వస్తుంది. 90 శాతం దగ్గర ఆ డిస్కులోకి కట్టల మార్పిడి ఆగుతుంది. 95 శాతం చేరితే రాతలే ఆగిపోతాయి. పక్కన ఎన్ని డిస్కులు ఖాళీగా ఉన్నా ఒక్కటి నిండితే చాలు. నూరు బీరువాల్లో ఒక్కటి మూత పడకపోతే ఇన్‌వర్డు కౌంటరు మూసేసినట్లు. కనుక స్థలం పూర్తిగా అయిపోయాక విస్తరణ మొదలుపెట్టడం చాలా ప్రమాదకరం. సర్దుకోవడానికి కూడా కొంత ఖాళీ కావాలి.

పంచడంలోని నేర్పు

ఈ చిక్కులకు ఒక్కొక్కటిగా ఉపాయాలు వచ్చాయి. ఫైలు చదవమని అడిగినప్పుడు మూడు ప్రతుల్లో ముందుగా జవాబు చెప్పే ప్రతి ఒకటి ఉంటుంది. 2014 నుంచి ఆ బాధ్యత పెద్ద డిస్కులకు తగ్గించి చిన్నవాటికి ఎక్కువ ఇచ్చే వీలు కలిగింది. నిల్వ పెద్దవారిది, రాకపోకల పని చిన్నవారిది. 2017లో తిరిగే డిస్కులను, తిరగని ఎలక్ట్రానిక్ డిస్కులను వేరు వేరు తరగతులుగా గుర్తించే ఏర్పాటు వచ్చింది. రోజూ చూసే ఫైళ్ళు వేగంగా ఇచ్చే వాటిలో, ఏడాదికి ఒకసారి చూసేవి పెద్ద తిరిగే డిస్కుల్లో ఉంచుతారు. కరెంటు ఫైళ్ళు బల్ల దగ్గర, మూసిన ఫైళ్ళు రికార్డు రూములో అన్న మన పాత నియమమే. అదే ఏడాది, పరకల లెక్క వల్ల కొన్ని డిస్కులు కాస్త ఎక్కువ, కొన్ని తక్కువ నిండే లోపాన్ని సరిచేయడానికి, కొన్ని కట్టలకు ప్రత్యేకంగా చోటు చెప్పే పద్ధతి కూడా చేర్చారు. ఇక డిస్కు తయారీదారులు చివరకు రెండవ గుమాస్తాను వేయడం కూడా మొదలుపెట్టారు. ఒకే పెట్టెలో విడివిడిగా కదిలే రెండు చేతులు గల డిస్కులను సీగేట్ కంపెనీ తెచ్చింది.

అన్నింటికన్నా ముఖ్యమైనది నిదానం. అనుభవజ్ఞులు కొత్త పెద్ద డిస్కుకు ఒకేసారి 24 తూకం ఇవ్వరు. కొద్దికొద్దిగా పెంచుతారు. కట్టలు కదలడం వల్ల అసలు పని ఆగకుండా చూసుకుంటారు. పాత డిస్కును ఊడబెరికి కొత్తది పెట్టరు. ముందు పాతదాని తూకం తగ్గించి, దానిలోని కట్టలు మరొక చోట చేరి, మూడు ప్రతులూ క్షేమంగా ఉన్నాయని చూసుకుని, అప్పుడు తీస్తారు. చార్జి అప్పగించే ముందు లిస్టు సరిచూసుకుని సంతకం చేయడం వంటిదే ఇది.

ఈ పనిని మహా ఎత్తున చేసిన చోటు ఒకటి చెప్పాలి. స్విట్జర్లాండు, ఫ్రాన్సు సరిహద్దులో జెనీవా నగరం దగ్గర సెర్న్ అనే పరమాణు పరిశోధన సంస్థ ఉంది. అక్కడ 2013లో సుమారు 3 పెటాబైట్లతో సెఫ్ వాడకం మొదలుపెట్టారు. పెటాబైటు అంటే వెయ్యి టెరాబైట్లు. 2015లో 30 పెటాబైట్ల సముదాయాన్ని కట్టి పరీక్షించారు. 2023లో సెర్న్ మొత్తం డిస్కు నిల్వ 10 లక్షల టెరాబైట్లు దాటింది. అందులో అధిక భాగం వారు స్వయంగా తయారుచేసుకున్న ఈఓఎస్ అనే వ్యవస్థ కింద ఉంది. సుమారు 1,11,000 డిస్కులు! అంతటి చోట ఏదో ఒక డిస్కు చెడటం విశేషం కాదు. చెడినా పని ఆగకపోవడమే విశేషం.

చరిత్రలో ఒక చమత్కారం కూడా ఉంది. మొదటి డిస్కు చేసిన ఐబీఎం 2002 చివరలో తన డిస్కుల వ్యాపారాన్ని హిటాచీకి అమ్మేసింది. సెఫ్‌ను పెంచిన చిన్న కంపెనీని 2014లో రెడ్ హ్యాట్ కొన్నది. ఆ రెడ్ హ్యాట్‌ను 2019లో ఐబీఎం కొన్నది. డిస్కు చేయడం మానుకున్న కంపెనీ, డిస్కులకు పని పంచే విద్యను కొనుక్కున్నదన్న మాట.

మనకేమిటి?

సభ్యులు ఇదంతా చదివి, మనకు డిస్కుల గొడవ ఎందుకు అనుకోవచ్చు. కాని మన ఇళ్ళలో కూడా ఒక చిన్న సముదాయం ఉంది. మనవల ఫోటోలు, పెళ్ళి వీడియోలు, ఇంటి పత్రాలు, పెన్షను కాగితాలు స్కాను చేసి పిల్లలు ఒక పెద్ద డిస్కులో వేసి ఇస్తారు. పాత చిన్నవాటిలోని వన్నీ అందులోకి ఎక్కించి, చిన్నవి పారేస్తారు. అంతా ఒక చోట ఉంది గదా అని సంతోషిస్తాం. నిజానికి ఆ రోజు నుంచి మన ప్రమాదం పెరిగింది. పెద్ద డిస్కు కొన్నప్పుడు తప్పక రెండు కొనండి. రెండవది అదే ఇంట్లో కాక, మరో ఊరిలో ఉన్న కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉంచండి. పాతది పారేసే ముందు కొత్తదానిలోని ఫైళ్ళు తెరిచి చూడండి. సర్వీసు రిజిస్టరు నకలు, పెన్షను ఆర్డరు కాగితం రూపంలో కూడా మీ దగ్గర ఒక ప్రతి ఉంచుకోండి. ఆ కాగితాలు ఎక్కడున్నాయో మీ భార్యకు గాని భర్తకు గాని చెప్పి ఉంచండి.

ఆనాడు మా మెట్లెక్కిన ఆ తల్లికి చివరకు పెన్షను వచ్చింది. నాలుగవసారి ఆమె వచ్చినప్పుడు సెక్షను సూపరింటెండెంటు మా ఐదుగురినీ పిలిచి, తలా రెండు ర్యాకులు పంచి ఇచ్చాడు. మధ్యాహ్నానికల్లా రిజిస్టరు దొరికింది.